పైలంగా పోయి రావాలంటే: యుద్ధ ప్రాంతాల్లో సహాయ పనికి వెళ్లేవాళ్ల కోసం

వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ వైపు విదేశం అనగానే గల్ఫే గుర్తొస్తుంది. కానీ ఇక్కడి నుంచి నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, మంచినీటి ఇంజినీర్లు, గోదాం లెక్కలు చూసేవాళ్లు, రిటైరైన సైనికులు కొందరు దక్షిణ సూడాన్, కాంగో, యెమెన్ లాంటి చోట్లకూ సహాయ సంస్థల తరఫున వెళ్లాలని చూస్తారు. సైన్యం నుంచి, పోలీసు శాఖల నుంచి ఐక్యరాజ్య సమితి శాంతి దళాలకు డిప్యుటేషన్ మీద పోయేవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లకూ, ఇంటి దగ్గర ఫోను కోసం ఎదురుచూసే వాళ్లకూ పనికొచ్చే సంగతులు ఇవి.

2024లో ప్రపంచవ్యాప్తంగా 383 మంది సహాయ సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. అంతకుముందు ఏ ఏడాదీ ఇంతమంది పోలేదు. వాళ్లలో సగానికి దగ్గరగా గాజాలోనే పోయారు. అత్యధికులు ఆయా దేశాల స్థానిక సిబ్బందే. బాంబు దాడుల సంగతి పక్కన పెడితే, మిగతా చోట్ల సహాయ సిబ్బంది ఎక్కువగా దొరికిపోయేది రోడ్డు మీద. అందుకే ఇక్కడ రోడ్డు గురించే ఎక్కువ రాశాం. శాంతి దళాల లెక్క ఇంకోలా ఉంటుంది. 1948 నుంచి ఇప్పటివరకు 4,300 మందికి పైగా చనిపోయారు, వారిలో మనవాళ్లు 170 మందికి పైనే. మొత్తం మీద చూస్తే దాడుల్లో పోయినవాళ్ల కంటే జబ్బు చేసి, ప్రమాదాల్లో పోయినవాళ్లే ఎక్కువ. కాబట్టి సీటు బెల్టును, దోమతెరను బుల్లెట్ ప్రూఫ్ కోటు కంటే తక్కువగా చూడొద్దు.

సంతకం పెట్టే ముందు

సంతకం పడ్డాక అడిగే ప్రశ్నకు బలం ఉండదు. ఆఫర్ లెటర్ వచ్చిన రోజే మొహమాటపడకుండా అడగండి. మేం పోయే ఊళ్లో గత ఏడాది మీ సిబ్బందికి, పక్క సంస్థల వాళ్లకు ఏం జరిగింది? భద్రత చూసే మనిషి అక్కడే ఉంటాడా, రాజధానిలో కూర్చుని ఫోన్లో చెబుతాడా? అందర్నీ ఖాళీ చేయించాల్సి వస్తే నిర్ణయం ఎవరిది, ఏ రోడ్డున, ఏ ఎయిర్‌స్ట్రిప్ నుంచి, విమానం రాకపోతే ఎట్లా? ఫలానా రోజు ఫలానా ఊరికి పోవడం ప్రమాదమనిపించి పోనంటే నా ఉద్యోగం ఉంటుందా? ఈ చివరి ప్రశ్నకు కాగితం మీద జవాబిచ్చే సంస్థను నమ్మొచ్చు. నోటితో చెప్పి రాసివ్వనంటే మాత్రం ఆలోచించాల్సిందే.

ఇన్సూరెన్స్ విషయంలో ఒక పేజీ సారాంశం కాదు, పాలసీ మొత్తం తెప్పించుకోండి. మామూలు ట్రావెల్ పాలసీల్లో, పర్సనల్ యాక్సిడెంట్ పాలసీల్లో యుద్ధం, అంతర్యుద్ధం సాధారణంగా మినహాయింపుల జాబితాలో ఉంటాయి. అంటే మీరు వెళ్తున్న కారణానికే కవర్ ఉండదన్నమాట. యుద్ధం, ఉగ్రవాద దాడి, కిడ్నాప్, విమానంలో ఆసుపత్రికి తరలింపు, శాశ్వత వైకల్యం, భౌతికకాయాన్ని ఊరికి చేర్చడం... ఈ ఆరూ ఎక్కడెక్కడ ఉన్నాయో వెతకండి. సెలవుకు నైరోబీకో కంపాలాకో వచ్చినప్పుడు కవర్ ఉంటుందా అని అడగండి. మిమ్మల్ని రెగ్యులర్ ఉద్యోగిగా కాక కన్సల్టెంట్‌గానో, మధ్యలో ఇంకో కంపెనీ ద్వారానో తీసుకుంటే సంస్థ పాలసీ మీకు వర్తించకపోవచ్చు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ అవసరమైన) పాస్‌పోర్టు మీద, ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తో పోయేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికి 10 లక్షలు. ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. అది తీసుకోండి. కానీ సంస్థ ఇవ్వాల్సిన ఇన్సూరెన్సుకు అది బదులు కాదు.

ఐక్యరాజ్య సమితి ఉద్యోగం అని చెప్పి దరఖాస్తుకు, ఇంటర్వ్యూకు, వీసాకు, ట్రైనింగ్‌కు డబ్బు అడిగితే అది మోసమే. ఆ సంస్థ ఏ దశలోనూ అభ్యర్థుల దగ్గర రూపాయి తీసుకోదు. ఏజెంట్ ఎంత నమ్మకస్తుడైనా, ఎంత దగ్గరి చుట్టమైనా.

బయలుదేరే లోపు ఇక్కడే చేసుకోవాల్సినవి

ఆఫ్రికాలో చాలా దేశాలకు ఎల్లో ఫీవర్ టీకా కార్డు లేకుండా అడుగు పెట్టనివ్వరు. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. వేసుకున్న పది రోజులకు గానీ కార్డు చెల్లదు, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. టికెట్ చేతికొచ్చాక పరుగెత్తితే పది రోజుల లెక్క తప్పుతుంది. ఆ కార్డు లేకుండా ఆ దేశాల నుంచి తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే క్వారంటైన్‌లో పెట్టే అవకాశం ఉంది. మలేరియా రాకుండా వాడే మాత్రలు పోయే ముందే మొదలుపెట్టాలి. ఏ మందు, ఎన్ని రోజుల ముందు అన్నది డాక్టరు చెప్పినట్టు.

బీసేఫ్ అని ఐక్యరాజ్య సమితి వాళ్ల ఆన్‌లైన్ కోర్సు ఉంది. ఉచితం, ఎవరైనా చేయొచ్చు. అది పునాది మాత్రమే. తుపాకీ శబ్దం, చెక్‌పోస్ట్ నాటకం, రక్తం కారే గాయం చూపించి నేర్పే మూడు నాలుగు రోజుల ప్రత్యక్ష శిక్షణ వేరే ఉంటుంది. అది ఇవ్వకుండా ఫీల్డుకు పంపితే ఒప్పుకోవద్దు. సైనికులకు, పోలీసులకు ఈ పని కోసం ఢిల్లీలో 2000 నుంచి శాంతి దళాల శిక్షణ కేంద్రం నడుస్తోంది.

డబ్బు సంగతి చిన్నదే గానీ అందరినీ ఇబ్బంది పెట్టేది ఇదే. డాలర్లు తీసుకెళ్తే కొత్త సిరీస్ నోట్లు, మడత లేనివి, గీత లేనివి తీసుకోండి. కాంగోలో, దక్షిణ సూడాన్‌లో అంచు కొంచెం చినిగినా, పాత సిరీస్ అయినా నోటు పక్కకు నెట్టేస్తారు. సరిహద్దు దాటాల్సిన రోజున వంద డాలర్ల నోటు ఒక్కటి పట్టుకుని చిల్లర లేక నిలబడకుండా ఒకటి, అయిదు, పది, ఇరవైలు కూడా పెట్టుకోండి.

వీటితో పాటు ఒక చిన్న సంచి ఎప్పుడూ సిద్ధంగా, మంచం పక్కనే ఉండాలి. పాస్‌పోర్టు, దాని నకళ్లు, చిల్లర డాలర్లు, రెండు లీటర్ల నీళ్లు, ఒకటిన్నర రోజుకు సరిపోయే తిండి (వండాల్సిన పని లేనిది), వారం మందులు, తలకు కట్టుకునే టార్చి, పవర్ బ్యాంక్, విజిల్, కాగితం మీద రాసిన ఫోన్ నంబర్లు, గట్టి బూట్లు. మొత్తం ఏడెనిమిది కిలోలు దాటొద్దు. భుజానికి తగిలించుకుని గంట సేపు ఆగకుండా నడిచి చూడండి, ఏది తీసేయాలో మీకే తెలుస్తుంది. నంబర్లు ఫోన్లోనే ఉంటే ఫోను పోయిన రోజు భార్య నంబరు కూడా గుర్తుకు రాదు.

ఏటూరునాగారం దాకా ఒక రిహార్సల్

రోడ్డు క్రమశిక్షణ చదివితే రాదు. ఒక ఆదివారం హన్మకొండ నుంచి ఏటూరునాగారానికి రెండు కార్లలో వెళ్లి రండి. మధ్యలో ములుగు, పస్రా, తాడ్వాయి. అడవిలో సిగ్నల్ తెగే చోట్లు ఉంటాయి కాబట్టి అభ్యాసానికి ఇంతకంటే మంచి దారి దొరకదు.

ముందు రోజు సాయంత్రం ఒక కాగితం రాయండి. దాన్ని మూవ్‌మెంట్ ప్లాన్ అంటారు. ఏ కారులో ఎవరెవరు, బండి నంబర్లు, ఎవరి ఫోన్ నంబరు ఏది, రక్తం గ్రూపులు, ఏ దారిన పోతాం, ఏ దారిన వస్తాం. బయలుదేరేది 8:00, ములుగు 9:15, పస్రా 9:50, తాడ్వాయి 10:20, ఏటూరునాగారం 11:00. ఇంటి దగ్గర కూర్చునే ఒక మనిషి చేతిలో ఆ కాగితం పెట్టండి. ఫీల్డులో బండ్ల జాడ కనిపెట్టే రేడియో రూమ్ లాగా ఇక్కడ ఆ మనిషే. ప్రతి చోటా చేరగానే మీరు ఫోన్ చేయాలి, "ములుగు చేరాం, 9:12, నలుగురం, రెండు బండ్లు, పస్రాకు బయలుదేరుతున్నాం" అని. అంతే, ముచ్చట్లు వద్దు.

అసలు పాఠం ఆలస్యంలో ఉంది. చెప్పిన టైముకు 15 నిమిషాలు దాటితే ఇంటి దగ్గరి మనిషే ఫోన్ చేయాలి. 30 నిమిషాలకు రెండో కారుకు, డ్రైవరుకు. గంటకు పై అధికారికి చెప్పి, చివరిగా మాట్లాడిన చోటు నుంచి వెతుకులాట మొదలుపెట్టాలి. ఈ మూడు గడువులూ ముందే కాగితం మీద ఉండాలి. లేకపోతే "నెట్‌వర్క్ లేదేమో", "టీ తాగుతున్నారేమో" అనుకుంటూ నాలుగు గంటలు గడిచిపోతాయి. ఎక్కువగా తప్పు జరిగేది రెండు చోట్ల. ఒకటి, చేరినవాళ్లు చేరామని చెప్పడం మరిచిపోతారు. నాలుగైదు సార్లు అట్లా అయితే నిజంగా ఆపద వచ్చిన రోజు ఎవరూ కదలరు. రెండోది, దారిలో ఎవరో చెప్పిన మాట విని మరో దారి పట్టి, ఆ సంగతి చెప్పరు. దారి మారిస్తే ఆగి, చెప్పి, సరే అన్నాకే కదలాలి.

అక్కడికి పోయాక ఇదే కాగితం, ఇంకొంచెం కట్టుదిట్టంగా ఉంటుంది. ఒంటరి బండి పోదు, కనీసం రెండు. వెనక బండి ముందు బండిని చూడగలగాలి, కానీ ఒకే పేలుడుకు రెండూ దొరకనంత దూరం పాటించాలి. మట్టి రోడ్డు మీద 50 నుంచి 100 మీటర్లు. దుమ్ము లేస్తే ఇంకా ఎక్కువ. ట్యాంకు సగానికి దిగిందంటే నింపాల్సిందే. రెండు స్టెప్నీలు, జాకీ, బురదలో జాకీ కింద పెట్టడానికి ఒక చెక్క పలక, లాగే తాడు, పార, 20 లీటర్ల నీళ్లు. పలక లేక జాకీ బురదలో కూరుకుపోయి చీకటి పడేదాకా రోడ్డు మీద చిక్కుకున్న బండ్లు ఎన్నో. చీకటికి గంట ముందే గమ్యం చేరాలి. మధ్యాహ్నం మూడింటికి ఇంకా సగం దారి మిగిలి ఉంటే, తెలిసిన ఊళ్లో ఆ రాత్రి ఆగిపోవడం మేలు.

దక్షిణ సూడాన్, కాంగో, యెమెన్, ఇరాక్, సిరియా... అన్నిచోట్లా కుడివైపు నడపాలి. స్టీరింగ్ ఎడమవైపు. మనవాళ్లు అక్కడి బండి తోలకపోవడమే మంచిది. స్థానిక డ్రైవరుకు ఏ మలుపు దగ్గర ఎప్పుడు జనం ఉండాలో, ఎందుకు లేరో తెలుస్తుంది. సంతరోజు సంత లేదంటే, పిల్లలు రోడ్డు మీద లేరంటే, ఎదురుగా అరగంట నుంచి ఒక్క బండీ రాలేదంటే ఆయన బండి స్లో చేస్తాడు. అప్పుడు "పోనీ పోనీ" అనొద్దు. ఇంకో మాట: ఆ డ్రైవరుది ఏ తెగ, ఏ ప్రాంతం అన్నది కొన్ని రోడ్ల మీద ఆయన ప్రాణానికి సంబంధించిన విషయం. విదేశీ పాస్‌పోర్టు మిమ్మల్ని కాపాడే చెక్‌పోస్టులోనే ఆయన్ను దింపేయొచ్చు. ఏ రోడ్డుకు ఎవరు పోవాలో ఆయన్నే అడిగి నిర్ణయించండి. సంస్థ ఖాళీ చేసి వెళ్లిపోయినా ఆయన కుటుంబం అక్కడే ఉంటుంది.

శాటిలైట్ ఫోన్ బయట, ఆకాశం కనిపించే చోట నిలబడితేనే దొరుకుతుంది, అందుకూ ఒకట్రెండు నిమిషాలు పడుతుంది. చేతి వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్టు కొద్ది కిలోమీటర్లకే పనిచేస్తుంది. హెచ్‌ఎఫ్ రేడియో వందల కిలోమీటర్లు పోతుంది గానీ వాడటం నేర్చుకోవాలి. ఒక హెచ్చరిక: తురాయా, ఇరిడియం లాంటి శాటిలైట్ ఫోన్లు అనుమతి లేకుండా మన దేశంలోకి తేవడం నేరం. సెలవుకు వచ్చేటప్పుడు బ్యాగులో మరిచిపోయి తెస్తే శంషాబాద్ ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికి కాదు, పోలీస్ స్టేషన్‌కు పోతారు.

చెక్‌పోస్ట్ దగ్గర

2015 జులైలో లిబియాలోని సిర్తే యూనివర్సిటీలో పనిచేసే నలుగురు భారతీయులు స్వదేశానికి బయలుదేరి, ఆ ఊరికి 50 కిలోమీటర్ల దూరంలో ఒక చెక్‌పోస్ట్ దగ్గర పట్టుబడ్డారు. ఇద్దరిని రెండు రోజుల్లో వదిలారు. మిగిలిన ఇద్దరూ తెలుగు ప్రొఫెసర్లు. వాళ్లు బయటపడింది 2016 సెప్టెంబరులో. అన్ని చెక్‌పోస్టులూ ఒకటి కావు, సైన్యానిది ఒకటి, మిలీషియాది (సైన్యం కాని సాయుధ గుంపుది) ఒకటి, డబ్బు కోసం తాడు కట్టిన కుర్రాళ్లది ఒకటి. బయలుదేరే ముందే ఈ దారిలో ఎన్ని ఉన్నాయి, నిన్న ఎవరున్నారు, ఈ రోజు ఎవరున్నారు అని ఆ ఉదయం ఎదురుగా వచ్చిన లారీ డ్రైవర్లను, బస్సు వాళ్లను అడిగి తెలుసుకోవాలి. నిన్న లేని చెక్‌పోస్ట్ ఈ రోజు దూరంగా కనిపిస్తే, ఇంకా వాళ్లు మిమ్మల్ని గమనించకముందు అయితేనే వెనక్కి తిరగొచ్చు. వాళ్ల చూపులో పడ్డాక యూటర్న్ తీసుకుంటే కాలుస్తారు.

దగ్గరపడుతుంటే స్పీడు తగ్గించాలి. నల్ల కళ్లద్దాలు, టోపీ తీసేయాలి. పాటలు ఆపాలి. ఫోన్లు కనిపించకుండా పెట్టాలి. రాత్రయితే హెడ్‌లైట్ డిమ్ చేసి లోపలి లైటు వేయాలి. చేతులు కనబడేలా ఒళ్లో పెట్టుకోవాలి. మాట్లాడేది ఒక్కరే, ముందే అనుకున్న మనిషి. దిగమంటే తప్ప దిగొద్దు. ముందు సంస్థ ఐడీ కార్డు చూపండి, తర్వాత పాస్‌పోర్టు నకలు, అసలు పాస్‌పోర్టు చివరి మాట. అవతలివాడు పద్నాలుగేళ్ల పిల్లవాడైనా "సార్" అన్నంత మర్యాదగా మాట్లాడండి. వాడి చేతిలో తుపాకీ ఉంది, వాడికి భయం కూడా ఉంది. మధ్యాహ్నం దాటాక తాగి ఉండే అవకాశం ఎక్కువ, అందుకే పని ఉదయం పెట్టుకోవాలి. రెండో బండి ముందు బండికి అంటుకుని ఆగడం మామూలుగా జరిగే తప్పు. అది కాస్త వెనక ఆగి చూస్తుండాలి, ఏదైనా జరిగితే కబురు చెప్పేది అదే. "మమ్మల్ని ముందు ఊరి దాకా ఎక్కించుకోండి" అని తుపాకీ ఉన్నవాళ్లు అడిగితే, తలుపు మీదున్న "ఆయుధాలకు అనుమతి లేదు" స్టిక్కర్ చూపించి, మా ఆఫీసు ఉద్యోగం తీసేస్తుందని బతిమాలండి. ఒక్కసారి ఎక్కించుకుంటే అవతలి పక్షం దృష్టిలో మీ బండి వాళ్ల బండి అయిపోతుంది.

బండి గుంజుకుంటే

ఇచ్చేయండి. తాళాలు, ఫోన్లు, డబ్బు, అన్నీ. ప్రాణం మీదికి వచ్చేది చేతులు హఠాత్తుగా కదిలినప్పుడు. సీటు బెల్టు తీయడానికి నడుము దగ్గరికి చేయి పోతే అవతలివాడు తుపాకీ తీస్తున్నారనుకుంటాడు. చేతులు పైకెత్తి, "బెల్టు తీస్తున్నాను" అని చెప్పి, ఒక చేత్తో, నెమ్మదిగా తీయండి. అక్కడి భాషలో ఈ ఒక్క వాక్యం నోటికి వచ్చేలా ముందే నేర్చుకోండి. ముఖంలోకి తేరిపార చూడొద్దు. బండికి దూరంగా, వాళ్లు చెప్పిన వైపు నడవండి.

పక్క నుంచి కాల్పులు మొదలై ముందు రోడ్డు ఖాళీగా ఉంటే ఆగకుండా దాటిపోవడమే. బండి ఆగిపోతే తుపాకీ లేని వైపు దిగి పడుకోండి. కారు తలుపు ఏ రైఫిల్ గుండునూ ఆపదు. ఆపేవి ఇంజను, చక్రాలు. మెత్తటి బుల్లెట్ ప్రూఫ్ కోటు కూడా పిస్టల్ గుండును, శకలాలనే ఆపుతుంది. ఏకే గుండుకు ముందూ వెనకా గట్టి ప్లేట్లు ఉండాల్సిందే. కోటు ఇచ్చినవాళ్లను "ప్లేట్లు ఏవి?" అని అడగండి.

మందుపాతరలు

ఈ విషయం ములుగు జిల్లా వాళ్లకు కొత్తగా చెప్పాల్సింది కాదు. వాజేడు, వెంకటాపురం అడవుల్లో, కర్రెగుట్టల వైపు, పోలీసుల కోసం పెట్టిన మందుపాతరలు కట్టెల కోసం, ఆకు కోసం పోయిన గూడెం మనుషుల్ని కూడా బలిగొన్నాయి. మందుపాతరకు ఎవరి కాలో తెలియదు. అక్కడైనా ఇక్కడైనా సూత్రం ఒకటే: ఈ మధ్య మనుషులు, బండ్లు తిరిగిన జాడ ఉన్న చోటే అడుగు పెట్టాలి.

రోడ్డు దిగి మూత్రానికి పోవడం, ఎదురు బండికి దారి ఇవ్వడానికి పక్క మట్టిలోకి దిగడం, వెనక్కి తిప్పడానికి చేలోకి దింపడం, ఈ మూడూ ప్రాణాంతకం. మూత్రం టైరు పక్కనే, టారు మీదే. సిగ్గు ఒక రోజుది. పంట వేయని మంచి పొలం, ఎవరూ ఉండని ఇల్లు, చచ్చి పడి ఉన్న పశువు, ఎర్ర రంగు పూసిన రాళ్లు, రోడ్డుకు అడ్డంగా పేర్చిన కొమ్మలు కనిపిస్తే ఆగిపోండి. వానలకు మందుపాతర కొట్టుకుని వచ్చి కొత్త చోట ఆగుతుంది. పోయినేడు సురక్షితమని పటంలో రాసుకున్న దారి ఈ ఏడు కాకపోవచ్చు.

మందుపాతరల మధ్యలోకి వచ్చామని తెలిస్తే నిలబడ్డ చోటే నిలబడాలి. అందరికీ వినబడేలా చెప్పాలి. బండిలో ఉంటే దిగొద్దు, రేడియోలో సాయం అడిగి ఎదురుచూడాలి. తప్పనిసరై కదలాల్సి వస్తే వచ్చిన అడుగుల్లోనే, వచ్చిన టైరు గాడిలోనే వెనక్కి. తోటి మనిషి పేలుడులో పడిపోతే పరుగెత్తుకుంటూ పోకూడదు. ఇది రాయడానికి కూడా కష్టంగా ఉంది, కానీ పరుగెత్తిన రెండో మనిషి, మూడో మనిషి ఇట్లాగే పోయారు. మాటలతో ధైర్యం చెబుతూ, టోర్నికెట్ (రక్తం ఆపడానికి బిగించే పట్టీ) విసిరి తానే కట్టుకునేలా చెప్పాలి. పెద్ద పేలుడు జరిగిన చోట గుమిగూడొద్దు. సాయం వచ్చేవాళ్ల కోసమే రెండో బాంబు పెట్టడం చాలా దేశాల్లో జరిగింది.

రక్తం ఆపడం

వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి క్యాజువాలిటీలో పనిచేసిన నర్సుకు ఇది తెలిసిన పనే. ఇంజినీరుకు, అకౌంటెంటుకు తెలియదు, ఆ రోజు పక్కన ఉండేది వాళ్లే కావచ్చు. తొడలో పెద్ద రక్తనాళం తెగితే ప్రాణం నిలిచేది కొన్ని నిమిషాలే. అందుకే టోర్నికెట్ బండి డిక్కీలో కాదు, ప్రతి ఒక్కరి ఒంటి మీద, ఏ చేత్తోనైనా అందే చోట ఉండాలి.

గాయానికి రెండు మూడు అంగుళాల పైన కట్టాలి, మోకాలు, మోచేయి కీలు మీద మాత్రం కాదు. ముందు పట్టీని చేత్తోనే వీలైనంత బిగించి, తర్వాత కడ్డీ తిప్పాలి. వదులు పట్టీ మీద ఎన్నిసార్లు తిప్పినా రక్తం ఆగదు. రక్తం ఆగేదాకా తిప్పుతూనే ఉండాలి. గాయపడ్డ మనిషి నొప్పికి అరుస్తాడు, తీసేయమంటాడు. తీయొద్దు. కడ్డీని కొక్కెంలో ఇరికించి, కట్టిన టైము పట్టీ మీదో నుదుటి మీదో రాయాలి. ఆగకపోతే దాని పైన రెండోది. విప్పే పని డాక్టరుదే. గజ్జల్లో, చంకలో, మెడ కింద టోర్నికెట్ పట్టదు. అక్కడ గాజుగుడ్డ వేలితో గాయం లోపలికి కుక్కి, నిండాక రెండు అరచేతులతో ఒంటి బరువంతా వేసి పది నిమిషాలు వదలకుండా అదమాలి. మధ్యలో తీసి చూడటమే అందరూ చేసే తప్పు.

ఆన్‌లైన్లో మూడు నాలుగు వందలకు దొరికే నకిలీ టోర్నికెట్లలో ప్లాస్టిక్ కడ్డీ రెండో మలుపుకే విరుగుతుంది. అసలైనవి రెండు కొనండి. ఒకటి అభ్యాసానికే వాడి, దాన్ని ఎప్పుడూ కిట్‌లో పెట్టొద్దు, సాగిన పట్టీ అసలు రోజున జారుతుంది. కుడిచేత్తో ఎడమచేతికి, ఎడమచేత్తో కుడిచేతికి, చీకట్లో కూడా అర నిమిషంలో కట్టుకోగలిగేదాకా చేయండి.

తుపాకీ ఉన్న తెల్ల బండి, లేని తెల్ల బండి

శాంతి దళాలకు ఆయుధాలుంటాయి, సహాయ సంస్థలకు ఉండవు. రెండూ తెల్ల బండ్లే. దూరం నుంచి చూసే మిలీషియా వాడికి తేడా తెలియాలంటే మీరే తేడా చూపాలి. 2013 ఏప్రిల్ 9న దక్షిణ సూడాన్‌లోని జోంగ్లేలో, గుమురుక్ దగ్గర శాంతి దళం కాన్వాయ్ మీద మాటు వేసి దాడి చేశారు. ఐదుగురు భారత సైనికులు, వాళ్లతో ఉన్న ఏడుగురు పౌరులు చనిపోయారు. సాయుధ కాన్వాయ్ మధ్యలో ఉన్న పౌరుడు కూడా లక్ష్యమే అవుతాడు. మీ బండి సైనిక బండి వెనక పడితే దూరం పెంచి దాన్ని ముందుకు పోనివ్వండి. సాయుధ ఎస్కార్టు వేరే ఏ దారీ లేనప్పుడే తీసుకోవాలి. దళంలో ఉన్నవాళ్లకు ఎక్కువ ముప్పు అలవాటు నుంచి వస్తుంది. నీళ్ల ట్యాంకరు రోజూ ఏడింటికే, అదే దారిన పోతుంటే మాటు వేసేవాడి పని సగం మీరే చేసినట్టు.

ఆసుపత్రి, గోదాం ఎక్కడున్నాయో పోరాడే పక్షాలన్నిటికీ జీపీఎస్ అంకెలతో ముందే తెలియజేయడం అలవాటైన పద్ధతి. చేయాల్సిందే. కానీ అది గోడ కాదు. 2015 అక్టోబరు 3న అఫ్గానిస్తాన్ కుందూజ్‌లో ఆ అంకెలు ఇచ్చిన ఆసుపత్రి మీదే అమెరికా విమానం దాడి చేసి 42 మందిని చంపింది. 2024 ఏప్రిల్ 1 రాత్రి గాజాలో, ఇజ్రాయెల్ సైన్యానికి ముందే చెప్పి బయలుదేరిన వరల్డ్ సెంట్రల్ కిచెన్ అనే ఆహార సహాయ సంస్థ బండ్ల మీద దాడిలో ఏడుగురు పోయారు. బండి పైనున్న గుర్తు రాత్రి డ్రోన్ కెమెరాకు కనబడలేదని ఆ సైన్యమే తర్వాత చెప్పింది. కాబట్టి తెలియజేయడం, పైకప్పు మీద పెద్ద గుర్తు, పగటి ప్రయాణం, ఈ మూడూ కలిసి ఉండాలి. నివాసంలో అయితే వీధికీ మీకూ మధ్య రెండు గోడలుండే గదిని ఎంచుకోండి, కిటికీ లేనిది. అక్కడ నీళ్లు, రేడియో, ఫస్ట్ ఎయిడ్ పెట్టండి.

బియ్యం పంచే రోజు

మేడారం జాతరలో వాలంటీరుగా నిలబడ్డవాళ్లకు జనం తోసుకొస్తే బారికేడ్ ఏమవుతుందో ఎరుకే. పంపిణీకి తెల్లవారగానే మొదలుపెట్టాలి. ఎంతమందికి, ఎంతెంత అన్నది ముందు రోజే ఊరి పెద్దల ముందు, ఆడవాళ్ల ముందు చదివి వినిపించాలి. జాబితాలో పేరు లేనివాళ్ల ఫిర్యాదు వినడానికి వరసకు దూరంగా ఒక బల్ల, ఒక మనిషి ఉండాలి. గొడవ మొదలయ్యేది అక్కడే. ముసలివాళ్లకు, గర్భిణులకు వేరే వరస, నీడ, తాగునీళ్లు. బండ్లన్నీ బయటికి తిరిగి, తాళం డ్రైవరు చేతిలో. సరుకు తక్కువ పడుతుందని తెలిస్తే ఉన్నంత వరకు పంచుదామనుకోవద్దు, మొదలుపెట్టకముందే ఆపి చెప్పండి. సిబ్బంది అందరికీ తెలిసిన ఒక మాట ఉండాలి. అది వినబడగానే సరుకు వదిలేసి బండెక్కడమే.

ఇంటి దగ్గర

కుటుంబంలో సంస్థతో మాట్లాడే మనిషి ఒక్కరే ఉండాలి. అమ్మ కాకుండా, తట్టుకుని మాట్లాడగలిగే అన్నో, బావో, అక్కో. వాళ్ల దగ్గర ఒక ఫైలు పెట్టండి: పాస్‌పోర్టు నకలు, కాంట్రాక్టు, ఇన్సూరెన్స్, సంస్థ డ్యూటీ ఆఫీసర్ నంబరు, ఆ దేశంలోని మన రాయబార కార్యాలయం నంబరు. రాయబార కార్యాలయంలో దిగగానే నమోదు చేసుకోండి. 2015లో యెమెన్ నుంచి, 2023లో సూడాన్ నుంచి మనవాళ్లను తెచ్చినప్పుడు ఎవరు ఎక్కడున్నారన్నదే మొదటి ప్రశ్న. ఫోన్ రాకపోతే ఎన్ని గంటలు ఆగాలో ఇంట్లో ముందే చెప్పండి. 48 గంటలు అనుకుంటే 48 గంటలే. అప్పటిదాకా టీవీ వాళ్లకు, లీడర్లకు ఫోన్లు వద్దు.

బతికి ఉన్నట్టు రుజువు చేసే ప్రశ్నలు రెండు మూడు రాసి, సీలు వేసి సంస్థకు ఇవ్వాలి. ఫేస్‌బుక్‌లో దొరకని జవాబులు ఉండాలి: మేనత్త ఇంట్లో మిమ్మల్ని పిలిచే పేరు, చిన్నప్పుడు కాలు విరిగినప్పుడు మోసుకెళ్లిన మనిషి. కిడ్నాప్ జరిగితే కుటుంబం చేయగలిగే అతి పెద్ద సాయం మౌనం. ఫొటో వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిన కొద్దీ బందీ ధర పెరుగుతుంది. అక్కడ ఉన్నప్పుడు కూడా లైవ్ లొకేషన్, కాంపౌండ్ గోడ కనబడే ఫొటో, "రేపు ఫలానా ఊరికి" అనే స్టేటస్, ఏవీ పెట్టొద్దు. ఇంట్లోవాళ్లు గర్వంతో ఫార్వర్డ్ చేసేది ఎక్కడెక్కడికి పోతుందో ఎవరి చేతిలోనూ లేదు.

తిరిగొచ్చాక

బుల్లెట్ తొడుగు, శకలం ముక్క గుర్తుగా తేవద్దు, ఎయిర్‌పోర్టు స్కానర్‌లో కేసు అవుతుంది. వచ్చాక కొన్ని వారాలు నిద్ర సరిగా పట్టకపోవడం, దీపావళి పటాకులకు ఒళ్లు ఉలిక్కిపడటం మామూలే. అక్కడ రక్షణగా ఒంట్లో పెరిగిన జాగ్రత్త దిగడానికి టైం పడుతుంది. నెల దాటినా తగ్గకపోతే, మందు తాగడం ఎక్కువవుతుంటే, ఇంట్లోవాళ్ల మీద చిరాకు ఆగకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. మానసిక వైద్యుడిని కలవడం ఉద్యోగానికి మచ్చ కాదు, చాలా సంస్థలు ఆ ఖర్చు భరిస్తాయి, అడగండి.

జ్వరం వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు. ఆఫ్రికా నుంచి వచ్చి కొన్ని నెలలైనా సరే, డాక్టరుకు మొదట చెప్పాల్సింది ఏ దేశం నుంచి వచ్చారో. ఇక్కడ వైరల్ అనో డెంగీ అనో రెండు మూడు రోజులు చూద్దామంటారు. అక్కడి ఫాల్సిపారం మలేరియా ఆ రెండు మూడు రోజుల్లోనే మెదడుకు ఎక్కొచ్చు. రక్తపరీక్ష ఆ రోజే చేయించి, నెగెటివ్ వచ్చినా జ్వరం ఉంటే మర్నాడు మళ్లీ చేయించండి. మాత్రలు వాడాం కదా రాదులే అనుకోవద్దు.